న్యూట్రిషన్ ఎమ్మెస్సీకి నేను పనికిరానట!

పోయిన నెల ఓ ఆదివారం పొద్దున్నే కూర్చుని, మన ఆంధ్రా యూనివర్సిటీలో ఫుడ్స్, న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ ఎమ్మెస్సీ చెయ్యాలంటే ఏమేం కావాలో చూశాను. నా దగ్గరున్నది బి.టెక్., ఇ.సి.ఇ. బ్రాంచి. దానికి తోడు ఆరేళ్ళ జావా. ఈ రెండూ అక్కడ చెల్లవు. డిగ్రీలో హోమ్ సైన్సో, న్యూట్రిషనో, లేకపోతే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం వైపు సబ్జెక్టులో ఉండాలి. పూర్వం ఏయూసెట్ అని యూనివర్సిటీ వాళ్ళే పరీక్ష పెట్టుకునేవారు. 2021 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి పీజీసెట్. ఆ పరీక్ష ఎంత బాగా రాసినా సరే, డిగ్రీలో నేను చదివిన సబ్జెక్టులు చూసి గుమ్మంలోనే ఆపేస్తారు.

నిజం చెప్పొద్దూ, మొదట ఒళ్ళు మండింది. సివిల్ చదివినవాడు, మెకానికల్ చదివినవాడు, ఆఖరికి కెమికల్ చదివినవాడు కూడా మా రుషికొండ మీద ఆఫీసుల్లో కోడ్ రాస్తున్నారు. మా మేనేజర్ చదివింది మెటలర్జీ. మమ్మల్నెవరూ "నువ్వు కంప్యూటర్ సైన్స్ చదవలేదు కాబట్టి ఫో" అనలేదు. మరి వీళ్ళకెందుకింత పట్టుదల? రెండేళ్ళు బుద్ధిగా కూర్చుని చదువుతానంటే కాదంటారేంటి?

వారం తిరిగేసరికి కోపం సగం పోయింది. మిగిలిన సగం మాత్రం అలాగే ఉంది. ఏ సగం పోయిందో, ఏ సగం ఉందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు, హాయిగా ఉద్యోగం చేసుకుంటున్న నాకు ఈ న్యూట్రిషన్ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలి.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఎ, బి, సి షిఫ్టులు. పన్నెండేళ్ళుగా షుగరు, దాని వెనకే బీపీ. రెండేళ్ళ కిందట సీరమ్ క్రియాటినిన్ 1.6 చూపించింది. డాక్టరు గారు "కిడ్నీల మీద కొంచెం ఒత్తిడి పడుతోంది, ఉప్పు తగ్గించండి, ఆహారం జాగ్రత్త" అని పంపేశారు. ఆహారం జాగ్రత్త అంటే ఏమిటి? ఏం తినాలి, ఏం మానాలి? అడగలేదు మేము. ఆయన చెప్పలేదు. బయట ఇంకో అరవై మంది కూర్చునున్నారు మరి.

మా ఆఫీసులో పక్క టీములో ఒక కుర్రాడు ఉండేవాడు. మంచివాడు, జిమ్ము పిచ్చి. ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి "సర్టిఫైడ్ న్యూట్రిషన్ కోచ్" అయ్యాడు. మా ఫ్లోర్‌లో సగంమందికి పొట్టలు తగ్గించిన ఘనుడు. నాకే నాలుగు నెలల్లో ఏడు కిలోలు తగ్గించాడు. అంచేత నాన్న సంగతి కూడా అతనికే చెప్పాను. మూడు నెలల ప్లాన్, మూడు వేల రూపాయలు. చక్కగా ఎక్సెల్ షీట్‌లో పంపించాడు.

ఆ షీట్‌లో ఏముందంటే... మామూలు ఉప్పు మానేసి సోడియం తక్కువుండే ఉప్పు. పొద్దున్నే టీ బదులు కొబ్బరి బొండాం. పదకొండింటికి అరటిపండు. వయసులో కండ కరిగిపోతుంది కాబట్టి కిలో బరువుకి 1.6 గ్రాముల లెక్కన ప్రొటీను, అంటే 65 కిలోల మనిషికి రోజుకి 104 గ్రాములు. అంత తిండిలో రాదు కాబట్టి ప్రొటీన్ పౌడరు రెండు స్కూపులు. రాత్రి అన్నం మానేసి గిన్నెడు పప్పు.

చూడండి, ఒక్కటైనా చెడ్డ సలహా ఉందా ఇందులో? విడివిడిగా చూస్తే అన్నీ మంచివే. నాలాంటివాడు తింటే దివ్యంగా ఉంటాడు. పౌడరు డబ్బా నేనే ఆర్డరిచ్చాను. ఉప్పు ప్యాకెట్ నేనే తెచ్చాను. అమ్మ ఒక్క రోజు కూడా తప్పకుండా చేసిపెట్టింది.

ఏడో వారంలో ఓ రాత్రి నాన్న బాత్‌రూమ్‌కి లేచి నాలుగడుగులు వేసి కూలబడిపోయారు. "కాళ్ళల్లో సత్తువ లేదురా" అంటున్నారు. కూర్మన్నపాలెం నుంచి ఆసుపత్రికి కారు ఎలా నడిపానో నాకే తెలీదు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు. పొటాషియం 6.4. మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉండాలి. క్రియాటినిన్ 2.3. డ్యూటీ డాక్టరు నన్ను పక్కకి పిలిచి, పొటాషియం ఇంకా పెరిగితే గుండె ఆగిపోతుందని మెల్లిగా చెప్పాడు.

గండం గడిచింది. మూడోరోజు పొద్దున్న వార్డులోకి ఒకమ్మాయి వచ్చింది. నా వయసే ఉంటుంది. మెడలో ఐడీ కార్డు, చేతిలో పాత రిజిస్టరు. డైటీషియన్నని చెప్పింది. నేను లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీట్ చూపించబోతే "ఒక్క నిమిషం సార్" అని అమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారు?"

"డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్నారు కదమ్మా. అందుకని బాబు వేరే ఉప్పు తెచ్చాడు. కూరలన్నిట్లో అదే."

"ప్యాకెట్ ఎవరితోనైనా ఫొటో తీయించి పంపించమంటారా?"

పక్కింటావిడ తీసి పంపింది. వెనకవైపు చిన్న అక్షరాల్లో పొటాషియం క్లోరైడ్ అని ఉంది. సోడియం తగ్గించాలంటే దాని బదులు ఏదో ఒకటి కలపాలి కదా, అది పొటాషియం. ఆ తర్వాత ఆవిడ బీపీ మాత్ర అడిగింది. టెల్మిసార్టాన్. కిడ్నీలకి, బీపీకి మంచి మందే కానీ, అది ఒంట్లోంచి పొటాషియాన్ని బయటికి పోనివ్వదు. బొండాంలో పొటాషియం, అరటిపండులో పొటాషియం, పప్పులో పొటాషియం, ఉప్పులో సైతం పొటాషియం. అసలే సరిగ్గా వడకట్టలేని కిడ్నీలు. పైన బయటికి వెళ్ళే దారి కాస్త మూసే మాత్ర. ఆరేళ్ళుగా ప్రొడక్షన్ బగ్గులు వెతుకుతున్నవాణ్ణి, ఇంత శుభ్రంగా మూలకారణం పట్టుకున్న మనిషిని నేను చూడలేదు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది ఆవిడకి.

తర్వాత అమ్మకి అర్థమయ్యేట్టు చెప్పింది. కూరముక్కలు చిన్నగా కోసి, ఎక్కువ నీళ్ళల్లో ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి అప్పుడు పోపు పెట్టమంది. ప్రొటీను కిలోకి 0.8 గ్రాములు దాటకూడదు, అంటే 52 గ్రాములకి లోపు. నాన్నని "షిఫ్ట్ నుంచి వచ్చాక ఏం తాగేవారండీ?" అని అడిగింది. ఓవెన్ల వేడికి మజ్జిగలో గుప్పెడు ఉప్పేసుకుని తాగే అలవాటు ఇప్పటికీ పోలేదని అప్పుడు బయటపడింది. ముప్ఫై ఏళ్ళ నుంచీ ఇంట్లో ఉన్న నేను ఎప్పుడూ పట్టించుకోని విషయం.

వెళ్ళేముందు ఒకమాట చెప్పింది, అది ఇప్పటికీ నా బుర్రలో తిరుగుతోంది. "సార్, ఒకవేళ రేపు డయాలసిస్ దాకా వెళ్తే, అప్పుడు ప్రొటీను తగ్గించకూడదు, పెంచాలి. కిలోకి 1 నుంచి 1.2 దాకా. ఈ కాయితం పట్టుకుని అప్పుడూ ఇదే తినిపిస్తే మనిషి చిక్కిపోతారు." అదే మనిషి, అదే జబ్బు. మధ్యలో మిషను వచ్చేసరికి సలహా తిరగబడిపోతుంది. ఎందుకంటే డయాలసిస్‌లో చెడుతో పాటు ప్రొటీను కూడా కొంత కొట్టుకుపోతుంది. ఎక్సెల్ షీట్‌లో ఇది ఎక్కడ పెడతారు?

ఆవిడ ఏం చదివిందని అడిగాను. బి.ఎస్సీ. మూడేళ్ళు, ఎమ్మెస్సీ రెండేళ్ళు, ఆరు నెలలు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్, ఆపైన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వాళ్ళు పెట్టే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష. జీతం ఎంతో కూడా నవ్వుతూ చెప్పింది. మా కంపెనీలో చేరిన కొత్తలో నాకిచ్చినదానికన్నా తక్కువ. నాకు సిగ్గేసింది.

ఇదీ కథ. అప్పుడే అనుకున్నాను, నేను కూడా చదవాలి అని. అలా వెతుకుతూ పోతే గేటు దగ్గర ఆగిపోయాను.

ఆంధ్రా యూనివర్సిటీ సంగతి పైన చెప్పాను. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, మనందరికీ ఎన్ఐఎన్‌గా తెలిసినది, ఉంది కదా. అది 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకి రాబర్ట్ మెక్‌కారిసన్ అనే ఆయన మొదలుపెట్టిన ఒక గది ప్రయోగశాల. 1958లో హైదరాబాదుకి మారింది. వాళ్ళ దగ్గర అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్ అని ఎమ్మెస్సీలు ఉన్నాయి. దేశం మొత్తానికి ఎంట్రన్సు. సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. అక్కడా జీవశాస్త్రం, రసాయనం వైపు నుంచో, వైద్యం వైపు నుంచో రావాల్సిందే.

సరే, దూరవిద్య అన్నా ఉందేమో, ఇగ్నో వాళ్ళది డైటెటిక్స్ ఎమ్మెస్సీ ఏళ్ళ తరబడి నడిచింది కదా అనుకున్నాను. 2025 ఆగస్టులో యూజీసీ ఆ తలుపూ వేసేసింది. క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, సైకాలజీ లాంటివి దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి చెప్పకూడదంది. దీని వెనక 2021లో పార్లమెంటు చేసిన ఒక చట్టం ఉంది. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. అందులో డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ రెండు పేర్లూ షెడ్యూల్లో ఉన్నాయి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిగ్రీ చదువు 3,600 గంటలకి తగ్గకూడదు, అది మూడు నుంచి ఆరేళ్ళ మీద పరుచుకుని ఉండాలి అంటుంది ఆ చట్టం. 2025 ఏప్రిల్లో ఈ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్‌తో సహా పది వృత్తులకి దేశమంతా ఒకే తరహా పాఠ్యప్రణాళిక కూడా విడుదల చేశారు.

మొదట చదివినప్పుడు ఇదంతా లైసెన్స్ రాజ్ లాగే కనిపించింది. అప్పుడే నా కోపంలో సగం పోవడానికి కారణమైన ప్రశ్న ఒకటి తట్టింది. మా నాన్నకి ఆ ఎక్సెల్ షీట్ పంపిన కుర్రాడికీ, ఇరవై నిమిషాల్లో పట్టేసిన ఆ అమ్మాయికీ తేడా ఏమిటి? తెలివి కాదు. కుర్రాడు నాకన్నా తెలివైనవాడు. ఉద్దేశం కూడా కాదు. నాన్న ఆసుపత్రిలో ఉన్న మూడురోజులూ రోజూ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. తేడా అల్లా, ఆ అమ్మాయి బయోకెమిస్ట్రీ చదివింది, ఫిజియాలజీ చదివింది, ఆరు నెలలు రోగుల మంచాల పక్కన నిలబడింది. కుర్రాడికి ఎదురైనవాళ్ళందరూ మా ఫ్లోర్‌లో ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళవాళ్ళు. అతని టెస్ట్ డేటాలో కిడ్నీ పాడైన మనిషి ఒక్కడూ లేడు.

నేను రాసే కోడ్ తప్పయితే రాత్రి రెండింటికి పేజర్ మోగుతుంది. రోల్‌బ్యాక్ చేస్తాం. మా నాన్న క్రియాటినిన్‌కి రోల్‌బ్యాక్ లేదు. ఏడాది దాటింది, 1.9 దగ్గర ఆగింది. మళ్ళీ 1.6కి రాలేదు, రాదు కూడా అన్నారు. అందుకని, మెటలర్జీ చదివి సాఫ్ట్‌వేర్ చెయ్యడం, ఇ.సి.ఇ. చదివి డైటీషియన్ అవడం ఒకటే అన్న నా వాదన నేనే వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ శాస్త్రం బామ్మల చిట్కాలని చిన్నచూపు చూసేవాళ్ళకి మన విశాఖ నుంచే ఒక ఉదాహరణ. వులిమిరి రామలింగస్వామి గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. ఇక్కడి ఆంధ్రా మెడికల్ కాలేజీలోనే వైద్యం చదివారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్, కూనూరు పోషకాహార ప్రయోగశాలలో పరిశోధన. హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఊళ్ళకి ఊళ్ళు గొంతు దగ్గర కాయలతో, గాయిటర్‌తో బాధపడుతుంటే, 1956లో ఆయన, సహచరులు కలిసి లోయని మూడు మండలాలుగా విడదీశారు. రెండు మండలాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, మధ్యలో ఒకదానికి మామూలు ఉప్పు. లక్షమందికి పైగా జనం. అయిదారేళ్ళయ్యేసరికి అయోడిన్ ఇచ్చిన రెండుచోట్లా గాయిటర్ బాగా తగ్గింది, మూడోచోట అలాగే ఉంది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలవడానికి ఈ ఫలితాలే ఆధారం. మనం నిన్నగాక మొన్న కనిపెట్టినట్టు ఏ/బి టెస్టింగ్ అని చెప్పుకునేది ఆయన ఉప్పుతో లోయంత ఎత్తున చేశారు. మనిషికి రోజుకి కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. ఆ చిటికెడు సంగతి తేల్చడానికి వైద్యం, రసాయనం, గణాంకాలు అన్నీ కావాల్సొచ్చాయి. ఉప్పులో ఏముందో చూడాలి అన్న పాఠం నాకు ఆసుపత్రి వార్డులో తెలిసింది, ఆయన ఎప్పుడో చెప్పిపెట్టారు.

కాబట్టి గేటు ఉండాలి. ఎత్తుగానే ఉండాలి. ఇక్కడిదాకా నాకు పేచీ లేదు.

ఇక మిగిలిన సగం కోపం సంగతి.

మా పెద్దమ్మ కూతురు డాలస్‌లో ఉంటుంది. బి.టెక్., తర్వాత అక్కడే కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసింది. నా బాధ ఫోన్లో చెప్తే పకపకా నవ్వింది. "రేయ్, నేను అదే చదువుతున్నానురా" అంది. అమెరికాలో 2024 జనవరి 1 నుంచి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే కనీసం మాస్టర్స్ ఉండాలని రూలు పెట్టారు. అంతకుముందు బ్యాచిలర్స్ సరిపోయేది. విచిత్రమేమిటంటే, ఆ మాస్టర్స్ ఫలానా సబ్జెక్టులోనే ఉండాలని లేదు. మా అక్క కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ ఆ లెక్కలోకి వచ్చేస్తుంది!

"అయితే ఇంకేం, పరీక్ష రాసెయ్" అన్నాను.

"అంత సీను లేదు" అంది. డిగ్రీ పేరు ఏదైనా ఫర్వాలేదు కానీ, గుర్తింపు పొందిన డైటెటిక్స్ కోర్సులన్నీ విడిగా పూర్తిచెయ్యాలి. వాటిలో చేరాలంటే ముందు కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, అనాటమీ-ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ ఉండాలి. ఆ ముందు చదవాల్సినవాటిని ఇప్పుడు ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో ఒక్కొక్కటే చేస్తోంది, సాయంత్రం క్లాసులు, శనివారాలు ల్యాబులు. ఆ తర్వాత కనీసం 1,000 గంటలు ఆసుపత్రిలోనూ బయటా పర్యవేక్షణలో పనిచెయ్యాలి. అప్పుడు పరీక్ష. మొత్తం నాలుగేళ్ళు పడుతుందని అంచనా. ముప్ఫై ఆరేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లలతో, మళ్ళీ బెంజీన్ రింగులు గీస్తోంది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడి గేటు మన గేటు కన్నా చిన్నదేం కాదు. కానీ వాళ్ళడిగేది "నీకు బయోకెమిస్ట్రీ వచ్చా? నువ్వు మంచం పక్కన నిలబడ్డావా?" అని. మన దగ్గర అడిగేది "ఇరవయ్యేళ్ళప్పుడు నీ డిగ్రీ పేరేంటి?" అని. మొదటిదానికి ఇవాళ కాకపోతే నాలుగేళ్ళకైనా అవునని చెప్పచ్చు. రెండోదానికి జవాబు ఎప్పటికీ మారదు. ఇంటర్లో ఎంపీసీ తీసుకున్ననాడే, అంటే పదహారేళ్ళప్పుడే, నా సంగతి తేలిపోయింది. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో మనలో ఎంతమంది స్వయంగా నిర్ణయించుకున్నామో మీకు తెలుసు కదా :)

నేననేది ఒక్కటే. గేటు ఎత్తు తగ్గించొద్దు, మెట్లు కట్టండి. యూనివర్సిటీలోనే ఒక ఏడాది బ్రిడ్జి కోర్సు పెట్టచ్చు. ఏ డిగ్రీ ఉన్నవాళ్ళకైనా ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, వాటి ల్యాబులు. సాయంత్రాలు పెడితే ఇంకా మంచిది. చివర్లో కఠినంగా పరీక్ష పెట్టండి. పదిమంది చేరితే ఏడుగురు తప్పినా సరే. గట్టెక్కినవాళ్ళని పీజీసెట్ రాయనివ్వండి. దూరవిద్య తీసేసినందుకు నేనేమీ యూజీసీని తిట్టను, మంచం పక్కన నిలబడ్డం ఆన్‌లైన్‌లో రాదు. కానీ ఉద్యోగస్తులకీ, పెళ్ళయి చదువాపేసిన ఆడవాళ్ళకీ ఉన్న ఒక్క దారీ అదే. అది మూసినప్పుడు ఇంకోటి తెరవాలి కదా.

"ఉన్న ఎమ్మెస్సీ పిల్లలకే ఉద్యోగాల్లేవు, మీరెందుకు మధ్యలో?" అని ఎవరైనా అనచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ అమ్మాయి జీతం విన్నాక నాకూ అనిపించింది. కానీ మన ఉత్తరాంధ్రలో పని లేకనా? ఇక్కడికి మూడు గంటల దూరంలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు... కొబ్బరితోటలు, జీడితోటలు, ఇంటింటా కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చలేకపోయారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అంతకుముందు ఏళ్ళతరబడి ఆ జనం కేజీహెచ్‌కి బస్సులెక్కి వచ్చారు. చుట్టూ కొబ్బరిచెట్లున్న ఊళ్ళో, కిడ్నీ పాడైన మనిషికి "బొండాం తాగకు" అని, ఎందుకు తాగకూడదో కూర్చోబెట్టి చెప్పే మనిషి కావాలి. వాళ్ళ చోడి అంబలి ఎంత తాగచ్చో, ఎండుచేపలో ఉప్పు ఎంతో, ఏ కూర నీళ్ళు పారబోసి వండాలో అక్కడి వంట తెలిసినవాళ్ళే చెప్పగలరు. డాక్టరుకి అంత టైమ్ లేదని మా నాన్న విషయంలోనే చూశాం. పని బోలెడుంది. పోస్టులు లేవు, జీతాలు లేవు. అది వేరే జబ్బు, దానికి మందు చదువు గేట్లు మూసెయ్యడం కాదు.

ఇంకో తమాషా. ఇంత కట్టుదిట్టమైన చట్టంలో డైటీషియన్ అన్న పేరుంది, న్యూట్రిషనిస్ట్ అన్న పేరుంది. "కోచ్" అన్న మాట లేదు. అంటే బుద్ధిగా చదువుకుంటానని వరసలో నిలబడ్డవాణ్ణి ముందు తలుపు దగ్గర ఆపేస్తున్నాం. ఆరు వారాల సర్టిఫికెట్‌తో, పేరు కొంచెం మార్చుకుని వచ్చినవాడికి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. ఎవర్ని ఆపాలో వాళ్ళని ఆపకుండా, ఎవర్ని రానివ్వాలో వాళ్ళని ఆపితే ఆ గేటు ఎందుకు?

చట్టం ఎప్పుడు పెరటి తలుపు చూస్తుందో గానీ, ఈలోపు మన ఆఫీసుల్లో మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఎవరైనా డైట్ ప్లాన్ ఇస్తే మూడు ప్రశ్నలడగండి. ఏం చదివావు? ఆసుపత్రిలో ఎన్నాళ్ళు పనిచేశావు? నేను వేసుకునే మాత్రలు ఏంటో అడగవేం? మూడోది ముఖ్యం. మాత్రలు అడక్కుండా, రక్తపరీక్షలు చూడకుండా తిండి చెప్పేవాడు మీ జిమ్ము వరకూ పనికొస్తాడేమో, మీ అమ్మానాన్నల దగ్గరికి మాత్రం రానివ్వకండి. నేను రానిచ్చాను.

ఆ కుర్రాడు కోచింగ్ మానేశాడు. మేమిద్దరం ఇప్పటికీ కలిసే లంచ్ చేస్తాం, నేనతన్ని ఏమీ అనలేదు. అనడానికి నాకేం హక్కుంది, డబ్బా కొన్నది నేను. నా సంగతంటారా, ఎన్‌పీటెల్‌లో బయోకెమిస్ట్రీ పాఠాలు వింటున్నాను. మూడో వారంలోనే అమైనో ఆమ్లాల దగ్గర తల తిరుగుతోంది. ఇది ఏ సీటుకీ పనికిరాదని తెలుసు. కనీసం ప్యాకెట్ వెనక రాసింది చదవడం వస్తుందని.

మీలో ఎవరైనా ఇంజనీరింగ్ నుంచి ఇటువైపు వచ్చినవాళ్ళుంటే, ఏ దారిన వచ్చారో చెప్పండి. ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్ళెవరైనా ఇది చదివితే, ఆ బ్రిడ్జి కోర్సు సంగతి ఒక్కసారి ఆలోచించండి సార్. మొదటి దరఖాస్తు నాదే.